మోకాలి ఎత్తున వెతుకులాట

మనిషి కుక్కను మొట్టమొదటిసారి ఏమని పిలిచాడు?

ఏ గ్రంథంలోనూ దీనికి జవాబు లేదు. ఎముకలు దొరికాయి. మనిషి పక్కనే ముడుచుకుని పడుకున్నట్టు పాతిపెట్టిన కుక్క ఎముకలు సైతం దొరికాయి. ఎముకకు కాలం కట్టవచ్చు, జాతి చెప్పవచ్చు. మాటకు ఎముక ఉండదు. కనుక పండితులు ఆ ప్రశ్నను మర్యాదగా పక్కకు నెట్టి, జింక వెంట ఈటెతో పరుగెత్తే ఒక మగవాణ్ణీ, అతనితో సమంగా పరుగెత్తే ఒక తోడేలునూ గీయించి, పుస్తకాల అట్టల మీద వేసుకుని తృప్తిపడ్డారు.

ఆ బొమ్మ చూస్తే డాక్టర్ హైమవతికి ముప్పై ఏళ్లుగా ఒళ్లుమంట. ఆమె భాషాశాస్త్రజ్ఞురాలు. తెలుగు, తమిళం, కన్నడం, గోండీ మాటలను పక్కపక్కన పేర్చి, వాటన్నిటికీ తల్లి అయిన మాట ఒకప్పుడు ఎలా పలికి ఉండేదో తేల్చి చెప్పడం ఆమె వృత్తి. అదే పద్ధతిని కుక్క చెవి మీద ప్రయోగిస్తే? ఆ ఒక్క ఆలోచన పట్టుకుని, యాభై నాలుగో ఏట విశ్వవిద్యాలయం వదిలి, రాళ్లవంక పట్టణం అంచున ఉన్న జంతు శ్రవణ పరిశోధనశాలలో చేరింది. పరిచయస్థులు ఆమెకు మతి చలించిందన్నారు. ఆమె ఖండించలేదు, తీరిక లేదు.

యంత్రం చూడటానికి అల్పం. కుక్క నుదుటి మీదుగా చెవుల వెనక్కి కట్టే ఒక మెత్తని పట్టీ. దానిని కట్టేది మద్దమ్మ. గొర్రెల మందల వెంట పుట్టి పెరిగిన మనిషి, పరిశోధనశాలలోని ఇరవై ఆరు కుక్కలకు అన్నం పెట్టేదీ, స్నానం చేయించేదీ, మందు మింగించేదీ ఆమే.

"రాగికి బాసికం కట్టినా మేడమ్. ఇంగ పెండ్లికొడుకును పంపీండి," అనేది రోజూ తలుపు దగ్గర నిలబడి.

రాగి ఎర్రటి వీధికుక్క. కాలు విరిగి మురుగుకాలువలో పడి ఉండగా మద్దమ్మ ఎత్తుకొచ్చింది. పరీక్షలలో అన్నిటికన్నా ఓపికైనది అదే.

"పెండ్లికొడుకు ఈరోజు కాస్త గొంతు మార్చుకుని వస్తున్నాడు," అనేది హైమవతి.

తలుపు మూసుకునేది. పరీక్ష వేళ సహాయకులు లోపల ఉండరాదని ఆ పరిశోధనశాలలో ఒక నియమం. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. మద్దమ్మ బయట గట్టు మీద కూర్చుని వక్క నమిలేది.

లోపల రాగి చెవిలో ఒక ధ్వని వినిపించేవారు. దాని మెదడు లోతుల్లో ఎంత వెలుగు పుట్టిందో పట్టీ చెప్పేది. వెలుగు పుట్టించిన పది ధ్వనులను ఏరి, ఒక్కొక్కదానిని రవ్వంత మార్చి మళ్లీ వినిపించేవారు. ధ్వనులకు పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు. ఒక్క కుక్కతో ఇది చేస్తే చివరికి తేలేది దాని యజమాని గొంతు మాత్రమే. కానీ హైమవతి నాలుగు వందల కుక్కలను పేర్చింది. మంచుదేశంలో బండి లాగేవి, ఎడారిలో ఒంటెల వెంట నడిచేవి, మనిషిని వదిలి అడవి పట్టి వేల ఏళ్లయినవి. పదకొండు దేశాల ప్రయోగశాలలు తమ కుక్కల ఫలితాలను పంపాయి. అన్నిటిలోనూ సమానంగా మిగిలేది ఏదైనా ఉంటే, అది ఆ కుక్కలన్నిటికన్నా ముందుదై ఉండాలి. మూలభాషకు వర్తించిన తర్కమే ఇది, అక్షరం మార్చకుండా.

మూడో ఏడాది కార్తీకంలో, ఒక మంగళవారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, తెర మీద నాలుగు వందల గీతలు ఒక్కొక్కటిగా వంగి ఒకే గీత అయ్యాయి.

హైమవతి కూర్చోలేకపోయింది. నిలబడలేకపోయింది. చెప్పులు ఎక్కడ వదిలిందో తెలియదు. టీ మీద మీగడ కట్టింది. మూడుసార్లు మళ్లీ లెక్కించింది, మూడుసార్లూ అదే. నాలుక కొనను పళ్లకు తాకించి మూడు చిన్న చప్పుళ్లు, వెంటనే పెదవులను సున్నాలా చుట్టి కిందికి జారవిడిచే ఒక ఊకారం. పదిహేను వేల ఏళ్లుగానో, అంతకన్నా ముందునుంచో, భూమ్మీద ఉన్న ప్రతి కుక్క చెవిలోనూ నిద్రపోతున్న పిలుపు. అది ఇప్పుడు తన చేతిలో ఉంది. అవును, ఉంది! ఆమె వరండాలోకి వచ్చి, ఎదురుపడిన తోటమాలి చెయ్యి పట్టుకుని ఊపేసింది. అతడు కంగారుపడి నమస్కారం పెట్టాడు.

డైరెక్టర్ శేషఫణి గారు అరగంటలో దానికి పేరు పెట్టేశారు. "వేటపిలుపు! హైమవతి గారూ, ఆదిమానవుడు తోడేలును వేటకు పిలిచిన గొంతు మనకు దొరికింది."

"వేటకని ఎలా తెలుసు?"

"మరి దేనికి పిలుస్తాడండీ?"

జవాబు లేనిచోట ఆయన పేరు నిలబడింది. సాయంత్రానికి పత్రికలకు ప్రకటన కూడా వెళ్లింది.

బహిరంగ పరీక్ష శుక్రవారం ఉదయం, ఊరి బయట వేరుశనగ పీకిన చేలో. పట్టణ పాలనాధికారి వచ్చాడు. మనిషి యువకుడు, ఇస్త్రీ చెదరని చొక్కా. ఆ నెలలోనే రాళ్లవంకలో ఒక పిల్లవాణ్ణి కుక్క కరిచింది. అతని బల్ల మీద అర్జీలు పేరుకుపోయి ఉన్నాయి. మద్దమ్మ రాగి తాడు పట్టుకుని ఒక పక్కగా నిలబడింది. ఆమె ఒక పరీక్షను చూడటం ఆ మూడేళ్లలో అదే మొదలు.

స్పీకరు నుంచి ఆ ధ్వని వెలువడింది.

మొదట ఏమీ లేదు. తరవాత కంది చేలోంచి ఒకటి. కాలువ గట్టు మీదుగా మూడు. రైలుపట్టాల వైపు నుంచి ఒక గుంపు. కుంటివి, ముసలివి, మనిషిని చూస్తే మైలు దూరం పారిపోయేవి, పళ్లు చూపించడం తప్ప ఎరగనివి. చెవులు వెనక్కి వాల్చి, తోకలతో పాటు నడుములు సైతం ఊపుకుంటూ దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. నలభై మూడు! శేషఫణి గారు చప్పట్లు కొట్టారు.

కానీ వచ్చిన కుక్కలు వేటకు సిద్ధమైన తీరులో లేవు. తల ఎత్తి గాలి పసిగట్టలేదు. మొరగలేదు. అన్నీ తలలు వంచి, మనుషుల కాళ్ల మధ్య, సరిగ్గా మోకాలి ఎత్తున, మూతులతో నెమ్మదిగా తడుముతూ దేనికోసమో వెతికాయి. నాలుక బయటికి పెట్టి వెతికాయి. ఒకదానితో ఒకటి పోట్లాడలేదు. అధికారి ప్యాంటును రెండు కుక్కలు ఆప్యాయంగా వాసన చూసి, నిరాశగా పక్కకు తప్పుకున్నాయి.

"తిండి కోసమా?" అన్నారు శేషఫణి గారు. బిస్కెట్లు వేశారు. ఒక్కటీ ముట్టలేదు.

మద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏంటమ్మా ఆ నవ్వు?" డైరెక్టరు గద్దించారు.

"ఏం లేదు సార్." తరవాత హైమవతి వైపు తిరిగి, "మేడమ్, మీరిట్ల రాండి," అని చేను గట్టుకు తీసుకుపోయి చెవిలో చెప్పింది: "బిడ్డ కోసం ఎతుకుతాండాయి."

"ఏ బిడ్డ?"

"దొడ్డికి పోయిన బిడ్డ, మేడమ్. మా అవ్వ మందకాడ ఇట్లనే పిలుస్తాండె. ఆ బీట్లో నీళ్లు యాడివి? బిడ్డ దొడ్డికి పోతే మోకాళ్ల మీద బోర్లా ఏసుకుని, త్చొ త్చొ త్చొ, ఊ... అంటాంటే కుక్క వచ్చి నాకి శుభ్రం జేసి పోతాండె. మమ్మల్నందర్ని అట్లనే పెంచిండారు. ఏం, మీకు తెలీదా? ఇంత సదివినారు కదా!"

హైమవతి గట్టు మీద కూలబడింది.

మోకాలి ఎత్తు! తల్లి మోకాళ్ల మీద పడుకున్న బిడ్డ ఎత్తు. నాలుక. ఆకలి కాదు, కోపం కాదు, ఆ జాగ్రత్త. అన్నీ ఒక్కసారిగా కుదిరాయి, చెల్లాచెదరైన అక్షరాలు మాటగా కుదిరినట్టు. ఈటె లేదు, జింక లేదు. నీళ్లు దొరకని బయలులో, చేతులు ఖాళీ లేని ఒక బాలింత, దూరంగా తచ్చాడుతున్న ఒక భయస్థురాలైన జంతువును నమ్మి, తన దగ్గరున్న అతి మెత్తని ప్రాణాన్ని దాని పళ్ల ముందు పెట్టింది. ఆ జంతువు కొరకలేదు. అంతటి ధైర్యం ముందు వేట ఎంతటి పని? అట్టల మీద ఆ బొమ్మ గీసినవారిలో ఒక్కరూ పసిబిడ్డ గుడ్డ ఉతికి ఉండరు.

ఆ వెంటనే సిగ్గు కలిగింది. మూడేళ్లు. పదకొండు దేశాలు. జవాబు రోజూ బాసికం కట్టి, తలుపు మూసి, బయట గట్టు మీద కూర్చుంది. తాను ఒక్కసారి కూడా అడగలేదు.

"నియమం మారుస్తున్నాను," అంది లేచి. "రేపటినుంచి నువ్వు లోపల ఉంటావు, మద్దమ్మా. పరిశోధన పత్రంలో నీ పేరు నా పేరు కన్నా ముందు ఉంటుంది."

"నా పేరుతో ఏం పని మేడమ్. రాగికి కాల్షియం మాత్రలు అయిపోయినాయి, అది రాయండి ముందు."

శేషఫణి గారు ఒప్పుకోలేదు. "శాస్త్రలోకం ముందుకు మలవిసర్జన కథతో వెళ్లమంటారా?" అన్నారు. అధికారికి మాత్రం చరిత్రతో పని లేదు. అతడు అడిగినది ఒక్కటే.

"ఈ శబ్దం ఎంత దూరం వినిపిస్తుంది?"

నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది. వచ్చే గురువారం ఉదయం ఏడు గంటలకు పట్టణంలో కుక్కలను పట్టే వాహనాలు తిరుగుతాయి. పరిశోధనశాల ధ్వనిని అందజేస్తుంది. హైమవతి కార్యాలయానికి వెళ్లింది.

"ఎక్కించిన కుక్కలను ఎక్కడికి తీసుకుపోతారు?"

"పాత రాతి గని దగ్గరికి."

"అక్కడ నీడ ఉందా? నీళ్లు? పశువైద్యులు?"

అతడు కాగితాలు సర్దుకున్నాడు.

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలన్నది పద్ధతి. కరిచినదానిని విడిగా ఉంచి పరీక్షించాలి. మీకు తెలియనిది కాదు."

"దానికి మూడేళ్లు పడుతుంది మేడమ్. ఇది మూడు గంటలు."

ధ్వనిని ఇవ్వనని ఆమె రాసి ఇచ్చింది. ఇస్తానని శేషఫణి గారు సంతకం చేశారు. ధ్వని పరిశోధనశాల ఆస్తి. ఆమె నోటిలోంచి వచ్చినది కాదు.

ఇంటికి వస్తే కూతురు ఇందీవర ఎనిమిది నెలల పిల్లకు జావ తాగిస్తోంది. సగం జావ పిల్ల గడ్డం మీద ఉంది.

"రాజీనామా ఇచ్చేశావా అమ్మా?"

"లేదు. ఇస్తే తాళంచెవి కూడా ఇవ్వాలి."

"మరేం చేస్తావు?"

హైమవతి పిల్ల గడ్డం తుడుస్తూ ఆగిపోయింది. ఇన్నాళ్లూ కుక్క చెవినే అడిగింది. ఆ బంధానికి రెండో కొస ఉండదా? బిడ్డను అప్పగించిన తల్లి, ఆ జంతువు గొంతు విని తానూ లేవడం నేర్చుకోకుండా ఉంటుందా? అవి మన దగ్గరికి వచ్చి మారాయి. మనం మారలేదని ఎవరు చెప్పారు?

"ఇందూ, నీ తలకు ఒకటి కడతాను. కాసేపు కదలకు."

"కుక్కలకు కట్టేదా? ఛీ!"

"ఉతికాను."

"అమ్మా, అసలు సమస్య ఉతకడం కాదు!" అంటూనే తల వంచింది.

అయిదు రోజులు వీధిలో ప్రతి ఇల్లూ ప్రయోగశాలే. ముప్పై ఎనిమిది మంది తల్లులు; వారి భర్తలు, అత్తలు, మామలు. ఈసారి కుక్కల గొంతులు వినిపించారు, మనుషుల మెదళ్లలో వెలుగు చూశారు. మద్దమ్మ ఇంటింటికీ తిరిగి పట్టీ కడుతూ, "మీకూ పెండ్లి జేస్తాండాం, కూసోండి," అని నవ్వించింది. ఆమే ఒక మెలిక విప్పింది: మొరుగు అంతా ఒకటి కాదు, బిడ్డ దగ్గరికి పాము వచ్చినప్పుడు మంద కుక్క చేసే గొంతు వేరు, అక్కడ వెతకండి, అంది. వెతికారు. బుధవారం మధ్యాహ్నానికి గీతలు వంగడం మొదలుపెట్టాయి. రెండు పొట్టి మొరుగులు, ఒక ఖాళీ, ఆపైన ఊపిరితో కలిసిన ఒక పొడుగు గొంతు.

హైమవతి పట్టీ తీసేసి, పిల్లకు ఉగ్గు కలుపుకుంటున్న ఇందీవరకు చెప్పకుండా వెనకనుంచి వినిపించింది. గిన్నె కింద పడింది. కన్ను మూసి తెరిచేలోగా ఇందీవర పిల్లను చంకనెత్తుకుని వీధి గుమ్మంలో ఉంది.

"ఎందుకు లేచావు?"

ఇందీవర తన కాళ్ల వైపు వింతగా చూసుకుంది. "ఏమో అమ్మా. ఎవరో పిలిచారు."

మిగతా ఇళ్లలో తల్లులు అలాగే లేచారు. పురుషులూ లేచారు, సగటున ఒకటిన్నర సెకను ఆలస్యంగా. హైమవతి ఆ అంకెను నమోదు చేసి, వ్యాఖ్యానించలేదు.

గురువారం ఏడు గంటలకు వాహనం కుమ్మరి వీధి మొగలో ఆగింది. పాలనాధికారి దగ్గరుండి జాలీ తలుపులు బార్లా తెరిపించాడు. ధ్వని వెలువడింది. కుక్కలు వచ్చాయి. ఉచ్చులు, కొక్కేలు పట్టుకున్న మనుషులకు పనే లేకపోయింది. చెత్తకుండీ వెనకనుంచి, మెట్ల కింద నుంచి, టీకొట్టు బల్ల కింద నుంచి వచ్చి, తోకలు ఊపుతూ, తమంతట తామే వాహనంలోకి ఎక్కి, ఇనుప నేల మీద మోకాలి ఎత్తున మూతులు పెట్టి వెతకసాగాయి. ముప్పై ఒకటి. మద్దమ్మ చేతిలో రాగి ఒక్క గుంజు గుంజింది; తాడు జారింది. అదీ ఎక్కింది. ముప్పై రెండు.

"రాగీ!" మద్దమ్మ అరిచింది. రాగి తల తిప్పలేదు. మద్దమ్మ గొంతుకన్నా పాతదేదో దానిని పట్టి ఉంది.

వీధి మలుపులో ఉల్లిగడ్డల ఆటో ఉంది, పక్కనే పిల్లతో ఇందీవర. ఆటో మైకును హైమవతి ముందురోజే అడిగి ఉంచింది. వేలు మీట మీద ఉంది. నొక్కలేదు.

"ఏమైంది మేడమ్? తలుపులు మూస్తాండారు!"

"వాళ్లు చేసినదే నేనూ చేయబోతున్నాను, మద్దమ్మా. కారణం చెప్పకుండా, వాళ్ల ఒంట్లో ఉన్నదానిని పట్టుకుని లాగడం. కుక్కలను కాక మనుషులను."

మద్దమ్మ ఆమెను కోపంగా చూసింది. "పిలువు. పిలిచినాంక దాక్కోవద్దు, ఎదురుగా నిలబడి చెప్పు. వాళ్లు జేయనిది అదే కదా!"

హైమవతి మీట నొక్కింది.

రెండు పొట్టి మొరుగులు. ఖాళీ. పొడుగు గొంతు.

కుమ్మరి వీధిలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. చేతులకు పిండి, నోట్లో బ్రష్షు, సగం వేసిన జడ, ఒంటికాలి చెప్పు, చంకలో పిల్లలు. మేడల మీదనుంచి దిగారు, సందుల్లోంచి వచ్చారు, వాహనం చుట్టూ నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. ఏమైంది? ఎవరు పిలిచారు? ఒకటిన్నర సెకను తరవాత మగవాళ్లూ వచ్చి అదే అడిగారు.

హైమవతి ఆటో దిగి మధ్యకు నడిచింది.

"పిలిచింది నేను. యంత్రంతో పిలిచాను, మీకు చెప్పకుండా పిలిచాను, అది తప్పు. తిట్టదలచినవారు తిట్టవచ్చు, ఇక్కడే ఉంటాను. ఈ కుక్కలనూ అలాగే పిలిచారు. మన తల్లులు బిడ్డలను చూసుకోమని పిలిచిన పిలుపు అది. అవి నమ్మి వచ్చాయి. వీటిని నీళ్లు లేని రాతి గనికి తీసుకుపోతున్నారు. తిరిగి తెచ్చే ఏర్పాటు లేదు."

గుంపులోంచి ఒకామె ముందుకు వచ్చింది. ఆమె పక్కనున్న పిల్లవాడి పిక్కకు కట్టు ఉంది.

"నా కొడుకును కరిసింది ఈటిల్లోదే. అగో, ఆ చారలది."

అధికారి ముఖం వెలిగింది. "చూశారా మేడమ్?"

"నువ్వాగు సామీ, నేనింకా అయిపోలా," అంది ఆమె. "కరిసిందాన్ని పట్టి సూది ఎయ్యమని మూడు తూర్లు మీ ఆపీసుకు తిరిగినా. ఎవరూ రాలా. ఇయ్యాల ఇన్నిటిని యాడికి తీస్కపోతాండారు? ఆడ ఏం జేస్తారు? అది చెప్పు. నోటితో చెప్పు, నా కొడుకు ఇననీ."

అతడు నోరు తెరిచాడు. ఆ మాటను పిల్లవాడి ముందు పలకలేకపోయాడు. ఫోను తీశాడు, పెట్టేశాడు. జనం కదలలేదు. ఎవరో జాలీ గడియ తీశారు.

చారల కుక్కను మద్దమ్మ తాడు వేసి పరీక్షకు విడిగా కట్టింది. మిగిలినవి ఒక్కొక్కటిగా దిగాయి. రాగి అన్నిటికన్నా ఆఖరున దిగి, ఇందీవర చంకలోంచి వేళ్లాడుతున్న చిన్న పాదాన్ని మూతితో తాకి, వెతకడం మానేసింది.

హైమవతి ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. మద్దమ్మది మరుసటి రోజు. పోయినందుకు ఇద్దరూ ఏడవలేదు. అంతకు మించిన పని మిగిలి ఉంది. కుక్కలను పిలిచే ధ్వని ఇంకా పరిశోధనశాల ఆస్తిగానే ఉంది. పందొమ్మిది పట్టణాలు తమకూ పంపమని కోరాయి. మనుషులను పిలిచే ధ్వనిని హైమవతి తన చేతులతో చెరిపివేసింది. దానిని కూడా ఎవరో ఒక కార్యాలయం అడుగుతుందని ఆమెకు తెలుసు.

కనుక మీ వీధిలో మిమ్మల్ని ఎవరూ పిలవరు. జాలీ తలుపుల వాహనం వచ్చి ఆగినప్పుడు మీ కాళ్లు వాటంతట అవి లేవవు, మీరే లేపాలి. స్టవ్ కట్టేయండి. పిల్లను ఎత్తుకోండి. బయటికి వచ్చి ఆ వాహనానికి ఎదురుగా నిలబడి, వీటిని ఎక్కడికి తీసుకుపోతున్నారని అడగండి. జవాబు వినిపించేదాకా కదలకండి.